కదలని బెండు

ఆ శుక్రవారం పొద్దున రహమతున్నీసా చేలో నీటిగుంట గట్టు మీద గాలం కర్ర పట్టుకుని కూర్చుంది. ముందు అల్లా కరుణిస్తాడో, ముందు జేసీబీ వస్తుందో ఆమెకు తెలియదు. జుమా నమాజు కాగానే బండి వచ్చి గుంట పూడ్చేస్తుందని బావగారు అల్లాబక్షు నిన్ననే చెప్పి పోయాడు. ఆయన చెప్పాడంటే చెప్పినట్టే. ఆ ఊరికి వాన రాకపోవచ్చు, బస్సు రాకపోవచ్చు, అల్లాబక్షు అన్న మాట మాత్రం వచ్చి తీరుతుంది.

సంగతి మొదట్నుంచీ చెప్పుకోవాలి. వినుకొండకు ఇవతల, నల్లరేగడి నేలలో, అన్నదమ్ములిద్దరికీ కలిపి ఉన్న చేను అది. మిరప తోటకు తడి పెట్టుకోవడానికని ఎప్పుడో గుంట తవ్వించారు. ఆ తర్వాత బోరు పడింది. గుంట ఎవరికీ అక్కర్లేకుండా పోయింది. అప్పుడు తమ్ముడి భార్య రహమతున్నీసా నోరు తెరిచి అడిగింది, "దీన్ని నాకు ఒదిలెయ్యండి, చేపలు పెంచుకుంటా" అని. అందరూ నవ్వారు. మొగుడు యూసుఫ్ కూడా నవ్వాడు. గుంటూరు యార్డుకు మిరపకాయల లారీ తోలే మనిషి, ఎప్పుడో ఒకసారి ఇంటికొస్తాడు, వచ్చినప్పుడు నవ్వుకోవడానికి ఏదో ఒకటి కావాలిగా మరి! పోయినేడు రూప్‌చంద్ చేపలు అరచెయ్యంత పెరిగి, వాటికోసం జనం గట్టు మీదకే వచ్చి నిలబడ్డాక ఇంకెవరూ నవ్వలేదు.

అంతకుముందు ఆమె ఊళ్లో వాళ్ల చేలల్లో మిరపకాయ కోతలకు పోయేది. కోతలకు పోయిన వాళ్లకే తెలుస్తుంది ఆ బాధ. ఇంటికొచ్చాక చేతులు మంట. నీళ్లలో పెడితే మంట, పెట్టకపోతే మంట. తన కూతురు పాలు తాగే రోజుల్లో దాని ఒంటికి ఎక్కడ తగులుతుందోనని మోచేతులతో ఎత్తుకునేది. పోయినేడు మొత్తం ఆమె కోతకు పోలేదు. గుంట ఉంటే చేతులు చల్లగా ఉంటాయి, గుంట పోతే మళ్లీ మంటే.

ఈ యేడు వానలు వెలిశాక కొత్త చేపపిల్లల్ని తెచ్చి ఒదిలింది. పొద్దున్నే మేత చల్లితే చాలు, కాగిన నూనెలో బూందీ దూసినట్టు నీళ్లు చిటపటలాడేవి. ఆ చిటపట చూశాకే ఆమెకు టీ గొంతు దిగేది. అలాంటిది రోజురోజుకీ చప్పుడు తగ్గుతూ వచ్చింది. ఏం రోగమో అనుకుంది. ఒక సాయంత్రం గుంట మధ్యలో ఇంత లావు నల్ల తల పైకొచ్చి, గుబుక్కున గాలి మింగి మళ్లీ లోపలికి పోయింది. కొర్రమీను! పిల్లల్ని పకోడీల్లా నముల్తోంది దొంగముండ.

వల వేద్దామంటే కుదరదు. పోయినేడు దొంగలు వల వేసి ఎత్తుకుపోతున్నారని ఆమే దగ్గరుండి గట్టు వారన ఒదిలి గుంట మధ్యంతా తుమ్మకంప వేయించింది. ఇప్పుడు ఎవరి వలైనా చిరగాల్సిందే, ఆమె వలతో సహా. నీళ్లు తోడేద్దామంటే ఈ ఎండకి పిల్లలు ముందు చస్తాయి. ఇక గాలమే దిక్కు. ఊళ్లో గాలమంటే జాన్ బాషానే. వచ్చాడు. వానపాములు గుచ్చాడు, కప్పను గుచ్చాడు, బతికున్న పరిగె చేపపిల్లని కూడా గుచ్చాడు. కొర్రమీను వాటి వంక కన్నెత్తి చూడలేదు. "ఇది చేప కాదమ్మా, సైతాను" అని తన వెదురు గాలాన్ని అక్కడే ఆనించి వెళ్లిపోయాడు.

అల్లాబక్షుకు కావలసింది ఇదే. ఆయన్నీ పూర్తిగా తప్పు పట్టలేం. మిరపకాయలు ఆరబోసుకోవడానికి కళ్లం లేదు. యేటా రోడ్డు పక్కన ఆరబోస్తాడు, లారీలు తొక్కుకుంటూ పోతాయి, ఆయన లారీల వెంట తిట్టుకుంటూ పోతాడు. గుంట పూడ్చి చదును చేస్తే బ్రహ్మాండమైన కళ్లం అవుతుంది. పోయిన శుక్రవారం ఆయన గట్టు మీద నిలబడి తేల్చేశాడు.

"చూడమ్మాయ్, వాగులోంచి పాక్కుంటూ గట్టెక్కి వచ్చింది అది. ఇవాళ ఒకటొచ్చింది, రేపు దాని చుట్టాలొస్తారు. వచ్చే జుమా లోపల దాన్ని పట్టి నా కళ్లముందు పడెయ్, గుంట జోలికి రాను. పట్టలేకపోయావో, పూడ్చేస్తా. తర్వాత యూసుఫ్‌గాడితో ఫోన్లు చేయించొద్దు."

"సరే బావగారూ" అంది రహమతున్నీసా. ఏ ధైర్యంతో అందో ఆమెకే తెలియదు.

ఆ వచ్చే జుమా ఇవాళే. వానపాము గుచ్చిన గాలం వేసి కూర్చుంది, బెండు అలా నీళ్ల మీద పడుంది. జొన్న దంటు చెక్కి చేసిన బెండు, తెల్లగా, వేలెడంత. అది మునిగితే చేప. మునగదు. చూసీ చూసీ కళ్లు మండుతున్నాయి.

ఇంతలో మామ బుడాన్ టీ గ్లాసు పట్టుకుని వచ్చాడు. గ్లాసు ఇచ్చి వెళ్లిపోకుండా గట్టు మీదే నిలబడ్డాడు. మోకాళ్ల నొప్పుల మనిషి, ఊరికే నిలబడేవాడు కాదు.

"అమ్మాయ్, అది కప్పనెందుకు ముట్టుకోలేదంటావ్?"

"నాకేం తెలుసు మామా."

"దానికి కప్పంటే ఏంటో తెలియదేమో."

రహమతున్నీసా తలెత్తి చూసింది. ముసలాయన చూపులు చెప్పుల మీదున్నాయి.

"వినుకొండ సంతలో కొన్నానమ్మా దాన్ని" అన్నాడు. "మోకాళ్లకి చారు కాచుకు తాగితే మంచిదన్నారు. నీళ్ల సంచిలో వేసి ఇచ్చాడు. సైకిలు మీద వస్తుంటే ఇక్కడికొచ్చేసరికి సంచి చిరిగింది. కొర్రమీను కత్తి కింద దాకా బతికుండాలిగా, చస్తే కూరకు పనికిరాదుగా. సాయంత్రం వచ్చి తీసుకుందామని గుంటలో ఒదిలా."

"తీసుకుందామని? గుంటలో ఒదిలిన చేపని చేత్తో తీసుకుంటావా మామా?"

"మా చిన్నప్పుడు ఇంట్లో తొట్టిలో ఒదిలి తీసుకునేవాళ్లం. ఇదీ పెద్ద తొట్టే కదా అనుకున్నా."

రహమతున్నీసాకు ఒళ్లు మండిపోయింది. టీ గ్లాసు ఠక్కున గట్టు మీద పెట్టింది. "ఇన్నాళ్లూ నేను ఏడుస్తుంటే చూస్తూ కూర్చున్నావా? జాన్ బాషా తలకిందులుగా తపస్సు చేస్తుంటే చూస్తూ కూర్చున్నావా? నీ నోట్లో మాట నీ మోకాళ్ల కంటే అధ్వాన్నంగా ఉంది కదయ్యా!"

"తిట్టు, పడతా. పెద్దోడికి మాత్రం చెప్పకమ్మా. ఊళ్లో అందరి ముందూ అరుస్తాడు." ముసలాయన గొంతు వణికింది. ఆ వణుకు విన్నాక ఇంకో తిట్టు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "సరే, చెప్పన్లే" అంది.

సంత చేప. రహమతున్నీసా బుర్ర ఆ మాట దగ్గరే ఆగింది. సంతలో తొట్టెల్లో అమ్మే కొర్రమీను వాగులో పుట్టింది కాదు, చెరువులో పెంచింది. పుట్టిన దగ్గర్నుంచీ గుళికల మేత తిని పెరిగింది. వానపాముని అది ఎప్పుడు చూసింది గనక? పిల్లల్ని మింగడమంటే వాటంతటవే నోటి ముందు తిరుగుతున్నాయి కాబట్టి అలవాటు చేసుకుంది, గాలానికి వేలాడే పరిగె దానికి కొత్తే. దాన్ని పిలవాలంటే మేతతోనే పిలవాలి.

గట్టు పక్కనున్న పాకలోకి పరుగెత్తింది. పోయినేడు పెద్ద చేపలకు వేసిన లావు గుళికలు సంచి అడుగున గుప్పెడు మిగిలున్నాయి. వాసన చూసింది, ఎండుచేపల కంపు బాగానే ఉంది. నీళ్లలో నానబెట్టి, కాస్త గోధుమపిండి కలిపి, ముద్ద చేసి గాలానికి పెట్టి వేసింది.

పెట్టడం ఆలస్యం, బెండు గంతులెయ్యడం మొదలెట్టింది! ఇటు వంగుతుంది, అటు వంగుతుంది, టకటకా మునిగి తేలుతుంది. ఒక్క లాగు లాగింది. గాలం ఖాళీగా గాల్లోకి ఎగిరింది. ముద్ద లేదు. రూప్‌చంద్ పిల్లలు కొరుక్కు తినేశాయి. ఇంకోసారి వేసింది, ఇంకోసారి గంతులు, ఇంకోసారి లాగింది. ఈసారి గాలం చివర ఏదో తళుక్కుమంది. బొటనవేలంత రూప్‌చంద్ పిల్ల, పెదవి చీలిపోయి. విడిపించి నీళ్లలో ఒదిలితే పక్కకు వాలిపోయి తేలింది.

"నా చేత్తో నేనే" అనుకుంది. ఏడుపొచ్చింది. ఏడవడానికి టైముందా ఏమన్నా!

పైగా కర్ర అంత గట్టిగా లాగినప్పుడల్లా నీళ్లు ఫెళ్లుమంటున్నాయి. కొర్రమీను అవతలి మూలకు పోయి గాలి మింగిన చప్పుడు వినపడింది. ఇక్కడ లాగితే అది అక్కడ, అక్కడ లాగితే ఇక్కడ. ఇలా అయితే సాయంత్రం దాకా దాగుడుమూతలే.

ముందు పిల్లలు కొరకలేని ఎర కావాలి. నానబెట్టకుండా రాయిలా ఉన్న ఎండు గుళికే కావాలి. దాన్ని గాలానికి గుచ్చితే పగిలిపోతోంది. చుట్టూ చూసింది. మామ సైకిలు చెట్టుకానించి ఉంది.

"మామా, నీ సైకిలు వాల్వు ట్యూబు ఇస్తావా?"

"గాలి పోతుందిగా."

"పోనియ్."

బుడాన్ మారుమాట్లాడకుండా వాల్వు విప్పి, దాని మీదున్న సన్నటి రబ్బరు గొట్టం లాగి ఇచ్చాడు. టైరు సుయ్యిమని కూలబడింది. ఆమె కొడవలితో గొట్టాన్ని గోరంత రింగులుగా కోసింది. రింగులో గుళికను బిగించి, ఆ రింగుకు గాలం తగిలించింది. గుళిక గట్టిగా నిలిచింది. మెల్లగా, చప్పుడు కాకుండా నీళ్లలోకి దించింది.

మళ్లీ బెండు గంతులు. ఈసారి లాగలేదు. లాగాలని చెయ్యి జిలపెడుతోంది, ఎడమచేత్తో కుడిచేతి మణికట్టు పట్టుకుంది. కొరుక్కోండి నా తల్లుల్లారా, రాయిని కొరుక్కోండి. బెండు ఆడుతూనే ఉంది, ఆడుతూనే ఉంది. ఇందులో పిల్లలెవరో, ఆ సైతాను ఎప్పుడొస్తుందో ఎలా తెలియాలి? దాని కాటుకి బెండు ఎంత మునుగుతుందో ఎవరు చూశారు గనక?

అప్పుడే మసీదు వైపు నుంచి మనుషుల అలికిడి, వెనకే జేసీబీ రొద. జుమా అయిపోయింది. తెల్ల లాల్చీ, తెల్ల టోపీ, అత్తరు వాసనతో అల్లాబక్షు గట్టెక్కాడు. వెనక అశోక్ తోలుతున్న జేసీబీ దారి మీద ఆగింది, ఆగినా గుడగుడమంటూనే ఉంది. ఆ గుడగుడకు గుంటలో నీళ్లు సన్నగా వణుకుతున్నాయి.

"ఏమ్మాయ్, పడిందా?"

"ఇంకా లేదు బావగారూ."

"లేదు కదా. అశోక్, ఇటు తిప్పు బండి."

"బావగారూ!" ఆమె అంత గట్టిగా ఆయన్ని పిలవడం ఇదే మొదలు. "జుమా లోపలన్నారు. జుమా రోజు ఇంకా అయిపోలేదు. బండి ఆపమనండి, ఆ చప్పుడుకు అది రాదు."

అల్లాబక్షు ముఖం ఎర్రబడింది. ఏదో అనబోయి, తండ్రి వంక చూశాడు. బుడాన్ చూపు తిప్పేసుకున్నాడు. "ఆపరా కాసేపు" అన్నాడు అల్లాబక్షు చివరికి. "ఏదో సరదా, తీరనీ."

బండి ఆగింది. గుంట చుట్టూ ఒక్కసారి చప్పుడు చచ్చిపోయింది. ఆ నిశ్శబ్దంలో రహమతున్నీసాకు ఇల్లు గుర్తొచ్చింది. బావగారు వాకిట్లో చెప్పులు విప్పిన చప్పుడయితే చాలు, అప్పటిదాకా కేరింతలు కొడుతున్న పిల్లలంతా గప్‌చుప్. ఎవరొచ్చారో ఎవరూ చెప్పక్కర్లేదు. పిల్లల నోళ్లు మూతపడ్డాయంటే పెద్దమనిషి వచ్చినట్టే.

బెండు వంక చూసింది. అది ఆడినంతసేపూ అక్కడున్నవి పిల్లలే. పిల్లలున్నాయంటే అది లేదు. మరి అదొస్తే? పిల్లలు పారిపోతాయి. బెండు ఆగిపోతుంది.

ఇన్నాళ్లూ అందరూ బెండు ఎప్పుడు కదుల్తుందా అని చూశారు. అది ఎప్పుడు ఆగుతుందా అని చూడాలి!

"ఏంటమ్మాయ్, అంతలా గంతులేస్తుంటే లాగవేం?" అల్లాబక్షు గట్టు దిగి వచ్చాడు. "లాగు! అదిగో మునిగింది! లాగవేంటి, చేతులు పడిపోయాయా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. ఇంకోసారి మునిగింది బెండు. "అరే లాగమంటుంటే!" ఆయన కర్ర మీద చెయ్యి వెయ్యబోయాడు. రహమతున్నీసా భుజం అడ్డం పెట్టింది. బావగారికి భుజం అడ్డం పెట్టిన మరదల్ని ఆ ఊళ్లో ఎవరూ చూసి ఉండరు. ఆయన కొయ్యబారిపోయాడు.

ఎండ మాడ్చేస్తోంది. పక్క తోటలో ఎవరో మందు కొడుతున్నారు, ఘాటు వాసన వస్తోంది. బెండు ఆడుతోంది.

ఆగింది.

ఎవరో పట్టుకుని ఆపినట్టు టక్కున ఆగిపోయింది. దాని చుట్టూ ఉన్న చిన్న చిన్న అలలు కూడా సద్దుమణిగాయి. నీళ్ల మీద తెల్ల బెండు, నిలబడి ఉంది.

"చూశావా, వెళ్లిపోయాయి. అయిపోయింది, లే" అన్నాడు అల్లాబక్షు.

"ష్!" అంది ఆమె. బావగారిని ష్ అంది!

అరచేతుల్లో చెమట. కర్ర జారుతుందేమోనని పట్టు మార్చాలనిపించింది, మార్చలేదు. బెండు ఇంకా కదల్లేదు. భ్రమా? నిజంగానే వెళ్లిపోయాయా? ఇప్పుడు లాగితే? వద్దు. పెదాలు తెలియకుండానే కదులుతున్నాయి, యా అల్లా, యా అల్లా.

బెండు మునగలేదు. కాస్త పైకి లేచి, పక్కకు వాలి, ఎక్కడికో పనున్నట్టు మెల్లగా నడక మొదలెట్టింది. ఎవరైనా సరే అప్పుడే లాగుతారు. ఆమె చెయ్యి కూడా లేవబోయింది. కొర్రమీను ముందు పెదాలతో పట్టుకుంటుంది, తిరిగి పోతూ మింగుతుంది అని జాన్ బాషా ఎప్పుడో అన్నాడు. పోనియ్. ఇంకాస్త పోనియ్. బెండు వేగం పెంచింది, వాలింది, నీళ్ల కిందకు జారి కనపడకుండా పోయింది.

"బిస్మిల్లా" అని కర్ర లేపింది. లాగలేదు, చంకలో పిల్లని పైకి ఎగదోసుకున్నట్టు లేపిందంతే.

కర్ర విల్లులా వంగింది. గుంట పగిలినట్టు నీళ్లు ఎగిరిపడ్డాయి. "పడింది! పడిందిరోయ్!" అని దారి మీద నుంచి అశోక్ అరిచాడు. కొర్రమీను అడుగుకు దూకింది, తిన్నగా తుమ్మకంప వైపు. కంపలో దూరితే దారం తెగుతుంది, దారం తెగితే అంతా అయిపోయినట్టే. ఆమె కర్రను పక్కకు వాల్చి మోకాళ్ల దాకా నీళ్లలోకి దిగింది. బురదలో కాలు జారింది, మళ్లీ నిలదొక్కుకుంది. వెదురు చివర ఫట్‌మని చీలింది.

"విరుగుతోంది! విరుగుతోంది!" అల్లాబక్షు గట్టు మీద అటూ ఇటూ పరుగులు. అరుపులు తప్ప ఏం చెయ్యాలో ఆయనకు తోచడం లేదు.

అప్పుడు బుడాన్ దూకాడు. మోకాళ్ల నొప్పుల బుడాన్! లుంగీ నడుముకు దోపుకుని, దబ్బున కంపకూ చేపకూ మధ్యకు దూకాడు. "నాన్నా!" అని అల్లాబక్షు కేక పెట్టాడు. ముసలాయన దారం పట్టుకుని, దాని వెంట చేతులు జరుపుకుంటూ పోయి, జారిపోతున్న ఆ నల్లటి ఒంటిని రెండు చేతులతో రొమ్ముకు అదుముకుని, బురదలో కూలబడ్డాడు. ముల్లు గీరి మోచెయ్యి రక్తం. పట్టు మాత్రం ఒదల్లేదు.

ఇద్దరినీ కలిపి గట్టు మీదకు లాగారు, మనిషినీ చేపనీ. అల్లాబక్షు తెల్ల లాల్చీ నల్లరేగడి రంగుకొచ్చింది. మోచేతి పొడుగు కొర్రమీను గడ్డిలో తోక కొడుతోంది. దాని పెదవి మూలన వాల్వు ట్యూబు రింగు, రింగులో ఇంకా చెక్కుచెదరని గుళిక.

"ఇదిగో బావగారూ" అంది రహమతున్నీసా రొప్పుతూ. "మీ కళ్లముందు పడేశా."

అల్లాబక్షు వంగి చేపను చూశాడు. తర్వాత గుంట వైపు చెయ్యి చూపించాడు. "దీన్ని పట్టావు, సరే. లోపల ఇంకేమన్నా మిగిలాయా అసలు? ఖాళీ గుంటని ఉంచి ఏం చేసుకుంటావు?"

పొద్దుట్నుంచీ ఆమెనూ ఆ భయమే తొలుస్తోంది. పాకలోకి పోయి చిన్న చేపపిల్లల మేత గుప్పెడు తెచ్చి, నీళ్ల మీద చల్లింది.

గుళికలు పరుచుకుని తేలుతున్నాయి. నీళ్లు కదల్లేదు.

ఇందాక అదే నిశ్శబ్దం కోసం ప్రాణాలు ఉగ్గబట్టి చూసింది. ఇప్పుడదే నిశ్శబ్దం ఎప్పుడు తెగుతుందా అని చూస్తోంది. పొద్దున పెదవి చీలి తేలిన పిల్ల గట్టు వారన అలాగే ఉంది. అదొక్కటే మిగిలిందేమో, దాన్నీ నేనే చంపానేమో అనిపించింది ఆమెకు.

ఒక గుళిక మాయమైంది.

పక్కనే ఇంకొకటి. తర్వాత కంప వైపు నుంచి సన్నటి గీత ఒకటి, దాని వెనక ఇంకో గీత, ఆ తర్వాత లెక్కపెట్టడానికేం లేదు. నీళ్లు చిటపటలాడిపోయాయి! కంపలో దాక్కుని బతికిన పిల్లలన్నీ ఒక్కసారి పైకొచ్చాయి. మొదట్లో ఉన్నన్ని లేవు, కానీ ఉన్నాయి. దొంగల కోసం వేసిన కంపే వాటిని కాచింది. రహమతున్నీసా గట్టు మీద చతికిలబడి, ఎవరున్నారని కూడా చూడకుండా, భోరున ఏడ్చింది.

అల్లాబక్షు అశోక్‌ను కేకేశాడు. "ఒరేయ్, బండి ఇటు తీసుకురా!"

రహమతున్నీసా ఉలిక్కిపడి లేచింది. "బావగారూ, మాటిచ్చారు!"

"ఇచ్చా కాబట్టే పిలుస్తున్నా. బండి ఎలాగూ వచ్చిందిగా, గట్టు ఎత్తు చేయిస్తా. వాగులోంచి ఇంకో కొర్రమీను పాక్కుంటూ రాకుండా."

రహమతున్నీసా నోరు మెదపలేదు, మామ వంక చూడనూ లేదు. ఒట్టు పెట్టకపోయినా మాట మాటే. జేసీబీ గుర్రుమని కదిలింది. తొట్టి చెయ్యి పైకి లేచింది.

"ఆపరా అశోక్!"

ఆ అరుపు బుడాన్‌ది. బురద ఓడుతూ, మోచేతికి తువ్వాలు చుట్టుకుని నిలబడ్డాడు. కొడుకు వంక సూటిగా చూశాడు. ఈ మధ్య కాలంలో ఆయన అలా చూసి ఎరగడు.

"అది గట్టెక్కి రాలేదురా పెద్దోడా. సైకిలెక్కి వచ్చింది. నేనే తెచ్చి ఒదిలా. అరుస్తావో, ఏం చేస్తావో చెయ్. గట్టు మాత్రం ముట్టుకోకు, ఆ అమ్మాయి గుంట అది. ఎత్తు చెయ్యాలో వద్దో అమ్మాయినడుగు."

అల్లాబక్షు నోరు తెరిచాడు. దారి మీద జనం పోగయ్యారు, అందరూ ఆయన అరుపు కోసమే చూస్తున్నారు. ఆయన తండ్రిని చూశాడు, చేపను చూశాడు, గాలి లేక కూలబడ్డ సైకిలును చూశాడు. తెరిచిన నోరు మెల్లగా మూసుకున్నాడు.

"చెప్పమ్మాయ్" అన్నాడు రహమతున్నీసా వైపు తిరిగి. "నీ గుంటకేం కావాలి?"